నొప్పి లేని చేయి, చేయి లేని నొప్పి

తెలుగువానికి నొప్పి ఒక్కటి కాదు. తలకు వచ్చినది పోటు, పంటికి వచ్చినది సలుపు. కాళ్ళు పీకును, నడుము కలుక్కుమనును, నరము గుంజును, గాయము చురుక్కుమనును, జ్వరమునకు ముందు ఒళ్ళంతయు తీపులు పెట్టును, అరికాలు భగభగ మండును. వైద్యుని యెదుట కూర్చున్న ఏ పల్లెటూరి ముసలమ్మయైనను వీనిలో ఏ మాటను ఎక్కడ వాడవలెనో పొరపాటున నైనను తప్పదు. కెనడా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ మెల్జాక్ రోగులు తమ బాధను చెప్పుకొను ఇట్టి మాటలనే ప్రోగుచేసి, వర్గములుగా విభజించి, 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి యను పేర ప్రకటించగా, నేటికిని వేదనా చికిత్సకులు దానిని వాడుచునే యున్నారు. అయితే ఇన్ని మాటల అడుగునను అందరికిని ఒకే నమ్మకము దాగియున్నది: నొప్పి యున్నచోట దెబ్బ యుండును, దెబ్బ యెంతయో నొప్పియు నంతయే. ఈ నమ్మకము ఎంత సహజమో అంత అసమగ్రము. దాని అసమగ్రతను రెండు చేతులు బయటపెట్టినవి. ఒకటి, 1947లో చెన్నపట్టణమునకు దక్షిణమున చెంగల్పట్టులో ఒక శస్త్రవైద్యుని చేతిని నొక్కిన చేయి. రెండవది, చెన్నపట్టణపు స్టాన్లీ వైద్యకళాశాలలో చదువుకొన్న ఒక శాస్త్రజ్ఞుడు అమెరికాలో పరీక్షించిన చేయి. ఆ చేయి అప్పటికి పదేండ్లుగా లేనే లేదు.

ఈ రెండు చేతుల కథను చెప్పుటకు ముందు ఒక గంట కథను చెప్పవలెను. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు మన నమ్మకమునకు 17వ శతాబ్దముననే ఒక రూపము కల్పించెను. నిప్పు దగ్గర కాలు పెట్టినవాని పాదము నుండి ఒక సన్నని దారము శరీరము లోపలనే పైకి ప్రాకి మెదడును చేరుననియు, గుడిలో త్రాడు లాగినంతనే పైన గంట మ్రోగునట్లు పాదము కాలినంతనే మెదడులో నొప్పి మ్రోగుననియు ఆయన భావము. ఆయన మరణానంతరము 1664లో ఫ్రెంచిలో అచ్చైన ఆ గ్రంథములోని బొమ్మ మూడువందల యేండ్లు వైద్యుల బుద్ధిని ఏలినది. త్రాడు లాగనిచో గంట మ్రోగదు, త్రాడు తెగినను మ్రోగదు. కావున నొప్పిని మాన్పుటయనగా త్రాడు లాగువానిని పట్టుకొనుటయో, త్రాడునే కోయుటయో తప్ప వేరు కాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీలోని అంజియో తీరమున సైనికులకు చికిత్స చేసిన హెన్రీ బీచర్ అను వైద్యుడు, ఒళ్ళు చీలిన గాయములతో వచ్చినవారిలో పెక్కుమంది తమకు మత్తుమందు అక్కరలేదనుట చూచి, 1946లో ఆ సంగతిని వ్రాసెను. యుద్ధరంగము నుండి ప్రాణములతో బయటపడితిమను ఊరటయే వారి నొప్పిని తగ్గించినదని ఆయన తలంచెను. త్రాడును ఎవరో గట్టిగా లాగుచునే యున్నారు. గంట మాత్రము మ్రోగలేదు.

ఆ సంవత్సరముననే పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిచేరెను. ఆయన ఆంగ్ల మిషనరీ దంపతులకు 1914లో కొల్లిమలలపై పుట్టి, బాల్యమున తొలి యేండ్లు ఆ కొండజనుల నడుమ గడపి, లండనులో వైద్యవిద్య ముగించినవాడు. మరుసటి యేట కుష్ఠువైద్య నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ ఆహ్వానముపై చెంగల్పట్టులోని లేడీ విల్లింగ్డన్ కుష్ఠురోగ చికిత్సాలయమును చూడబోయెను. తోటలలో, వసారాలలో ఎటు చూచినను పక్షిగోళ్ళవలె ముడుచుకొనిపోయిన చేతులు, మొండివ్రేళ్ళు, కట్లు కట్టిన పాదములు. ఇంతమందికి చేతులు వంకరపోవుచుండగా ఎముకల వైద్యులొక్కరును ఏల పట్టించుకొనలేదని బ్రాండ్ ప్రశ్నించెను. పిదప అట్టి ముడుచుకొన్న చేయిగల యొక రోగి చేతిలో తన చేయి పెట్టి, శక్తికొలది నొక్కుమని కోరెను. చచ్చుబడిన చేయి గనుక మెత్తని స్పర్శ తగులునని ఆయన యనుకొన్నాడు. కాని ఆ వ్రేళ్ళు పట్టకారువలె బిగిసి, గోళ్ళు దిగబడి, వైద్యుడే బాధతో కేక వేయవలసి వచ్చినది. రోగి ముఖమున ఏ మార్పును లేదు. తాను ఎంత గట్టిగా నొక్కుచున్నాడో వానికే తెలియదు.

ఆ కరచాలనములో రెండు సత్యములు ఒక్కమారుగా బయటపడినవి. చేతిలోని చిన్న కండరములకు పోవు నరములు చచ్చినను, వ్రేళ్ళను ముడుచు పెద్ద కండరములు మోచేతి క్రింద చెక్కుచెదరక బలముగా నున్నవనుట మొదటిది. ఆ బలమును అదుపులో నుంచవలసిన నొప్పి మాత్రము లేదనుట రెండవది. కుష్ఠు సోకినవాని మాంసము దానంతట అదియే కుళ్ళి వ్రేళ్ళు రాలునని అంతకుముందు లోకము నమ్మెను. బ్రాండ్ తన సహచరులతో గూడి వేలూరులో రోగుల దినచర్యను అపరాధపరిశోధకునివలె వెదకి చూచెను. తుప్పుపట్టిన తాళమొకటి ఎవరికిని రాకున్నప్పుడు, ఒక బాలుడు ముందుకు వచ్చి తాళపుచెవిని ఇట్టే త్రిప్పివేసెను. వాని బలమునకు మెచ్చుకొనబోవుచు చూడగా, వ్రేలు ఎముక కనబడునంతగా కోసుకొనిపోయి నేలపై నెత్తురు కారుచున్నది. రాత్రి పడుకొన్నప్పుడు ఉన్న వ్రేలు తెల్లవారునప్పటికి ఏల తగ్గుచున్నదని కాపలా కాచి చూడగా, నిద్రించువాని చేతిని ఎలుకలు కొరుకుచుండుట కనబడినది. ఆనాటినుండి రోగులకు మందులతోపాటు పిల్లులను గూడ ఇచ్చి పంపిరి. వ్రేళ్ళను తినునది రోగము కాదు, నొప్పి లేకపోవుటయే.

నొప్పి శత్రువు కాదు, కాపలాదారు అను మాట ఇట్లు వేలూరు వీథులలో రుజువైనది. చెప్పులో రాయి దూరినచో మనము కుంటుదుము. ఒకే పాదముపై చాలసేపు నిలిచినచో మనకు తెలియకయే బరువును రెండవ కాలిపై మార్చుదుము. వేడి గిన్నె తాకినంతనే చేతిని వెనుకకు తీయుదుము. ఈ చిన్న చిన్న కాపలాలన్నియు లేనివాడు నడచిన ప్రతి అడుగును ఒకేచోట పడి, అక్కడనే పుండగును. అందులకై వేలూరు వైద్యులును, దాని చేరువనున్న కరిగిరి కుష్ఠుచికిత్సాలయపు వైద్యులును మెత్తని రబ్బరు అట్టతో పాదరక్షలు చేయించిరి. ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులని నేటికిని మన జిల్లా ఆసుపత్రులలో మధుమేహ రోగులకు చెప్పునవి ఆ వంశమునకు చెందినవే. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠుచికిత్సాలయమునకు వెళ్ళిన తరువాత, కోల్పోయిన నొప్పికి బదులుగా కృత్రిమమైన నొప్పిని తయారుచేయబూనెను. చేతితొడుగులో ఒత్తిడిని పసిగట్టు సాధనములు అమర్చి, ఒత్తిడి మీరినప్పుడు మొదట చప్పుడు వినబడునట్లును, పిదప విద్యుత్తు చురుక్కుమనునట్లును చేసిరి. యంత్రము పనిచేసినది, ప్రయత్నము మాత్రము ఫలింపలేదు. తమకు ముఖ్యమైన పని అడ్డువచ్చినప్పుడు రోగులు మీట నొక్కి దానిని ఆర్పివేసి, పని కానిచ్చుకొని, మరల వెలిగించుకొనుచుండిరి. ఇష్టము వచ్చినప్పుడు ఆర్పివేయదగినది కాపలా కాదు. ఆర్పరానిదై, సహింపరానిదై యుండుటలోనే నొప్పి యొక్క ఉపకారము కలదని బ్రాండ్ గ్రహించెను.

ఇక్కడనే భౌతికచికిత్సకుని పాత్ర, అనగా మనము ఫిజియోథెరపిస్టని పిలుచువాని పాత్ర, మొదలగుచున్నది. బ్రాండ్ చేసిన శస్త్రచికిత్సలలో ప్రధానమైనది స్నాయువును చోటుమార్చుట: ఉంగరపు వ్రేలిని వంచు త్రాళ్ళు రెండింటిలో ఒకదానిని కోసి, అరచేయి చుట్టు త్రిప్పి, చచ్చుబడిన బొటనవ్రేలికి కుట్టుట. కుట్టినంతనే బొటనవ్రేలు కదలదు. కట్టు విప్పిన నాడు రోగి తన బొటనవ్రేలిని కదలింపబూనును, ఏమియు జరుగదు. అప్పుడు ప్రక్కన కూర్చున్న చికిత్సకురాలు, ఉంగరపు వ్రేలిని వంచుమని చెప్పును. అతడు వంచబోవును; వంగదగిన వ్రేలు ఊరకుండి, బొటనవ్రేలు కదలును. అతడు నివ్వెరపడును. మరల, మరల, దినమునకు ఎన్నోమారులు, అదే పని. కొన్ని వారములకు మెదడు పాతపేరును మరచి క్రొత్తపనిని నేర్చుకొనును. పిమ్మట బొటనవ్రేలిని తలచినంతనే బొటనవ్రేలే కదలును. వేలూరులో బ్రాండ్ ప్రక్కన నిలిచి ఈ విద్యను రూపొందించినవారిలో రూత్ థామస్ అను ఫిజియోథెరపిస్టు ప్రథమగణ్యురాలు. కత్తి చేసిన పని ఒక గంట, చేతికి చదువు చెప్పిన పని నెలలు. మెదడులోని శరీరపటము శిలాశాసనము కాదనియు, దానిని అభ్యాసముచే తిరుగ వ్రాయవచ్చుననియు ఆ గదిలో ప్రతిదినము నిరూపితమగుచుండెను. ఆ సంగతికి శాస్త్రభాషలో పేరు పెట్టుటకు మాత్రము మరికొంత కాలము పట్టినది.

రెండవ చేతి కథకు నెల్లూరితో సంబంధము కలదు. నెల్లూరు జిల్లా పూదూరున పుట్టి, మద్రాసు అడ్వొకేటు జనరలై, రాజ్యాంగ రచనాసంఘమున సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరును మన పెద్దలు మరువలేదు. ఆయన మనుమడు విలయనూరు ఎస్. రామచంద్రన్ 1951లో జన్మించి, ఉత్తర మద్రాసులోని స్టాన్లీ వైద్యకళాశాలలో వైద్యము చదివి, కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, పిదప కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖలో ఆచార్యుడయ్యెను. పెద్ద యంత్రములకన్న ఒక దూదిపుల్ల, ఒక అద్దము, ఒక మంచి ప్రశ్న ఎక్కువ పనిచేయునని నమ్మిన ప్రయోగశీలి ఆయన. ఆయన పట్టుకొన్న సమస్య పాతది. చేయి గాని కాలు గాని తెగిపోయిన వారిలో అత్యధికులకు అది ఇంకను ఉన్నట్లే తోచును. అమెరికా అంతర్యుద్ధమున అంగములు కోల్పోయిన సైనికులను చూచిన వైద్యుడు వేర్ మిచెల్ దీనికి ఛాయాంగమని అర్థమువచ్చు పేరు పెట్టెను. ఆ లేని అంగము ఊరక ఉండుటతో సరిపెట్టుకొనదు, అది నొచ్చును. లేని పిడికిలి బిగుసుకొనును, లేని గోళ్ళు లేని అరచేతిలో దిగబడును, లేని మడమ మండును. త్రాడు తెగిపోయి గంట మ్రోగుచున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

రామచంద్రన్ ఒక యువకుని కండ్లు మూయించి, దూదిపుల్లతో వాని చెంపను తాకి, ఎక్కడ తగిలినదని అడిగెను. చెంపకును తగిలినది, లేని చేతి బొటనవ్రేలికిని తగిలినదని అతడు చెప్పెను. పెదవి పైన తాకగా చూపుడువ్రేలు, దవడ క్రింద తాకగా చిటికెనవ్రేలు: మొగముమీద ఒక చేయి పరచుకొనియున్నది. మెదడు పైపొరలో స్పర్శకు సంబంధించిన పటమున చేతి ప్రక్కనే మొగము ఉండుననుట 1930లలో కెనడా శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ నాటినుండి తెలిసినదే. చేతినుండి వార్తలు రాకపోవుటచే, ప్రక్కయింటి మొగము ఆ ఖాళీ స్థలమును ఆక్రమించుకొన్నదని రామచంద్రన్ ఊహించి 1992లో ప్రకటించెను. ఊహ అంతటితో ఆగలేదు. బిగిసిన పిడికిలిని తెరువుమని మెదడు ఆజ్ఞలు పంపుచునే యున్నది. తెరచుకొన్నట్లు తెలుపు వార్త మాత్రము ఎటనుండియు రాదు. అట్లయినచో ఆ వార్తను కంటిద్వారా పంపినచో నేమి?

అందులకై ఆయన చేసిన సాధనము ఏ బజారులోనైనను దొరకు వస్తువులతో కూడినది. మూతలేని అట్టపెట్టె; దాని నడుమ నిలువుగా నిలిపిన అద్దము; ముందువైపు రెండు రంధ్రములు. మోటారు సైకిలు ప్రమాదమున చేతి నరములు మొదలంట తెగి, చేయి ఏడాదిపాటు జోలెలో చచ్చుబడి వ్రేలాడి, పిదప తీసివేయబడినవాడొకడు, అప్పటికి పదేండ్లుగా ఆ లేని చేయి కదలక నొచ్చుచుండగా, ఆ పెట్టె ముందు కూర్చుండెను. మంచి చేతిని ఒక రంధ్రమున దూర్చి, లేని చేతిని రెండవ రంధ్రమున దూర్చినట్లు భావించి, అద్దములోనికి చూడగా, మంచి చేతి ప్రతిబింబము సరిగా లేని చేయి ఉండవలసిన చోట కనబడినది. రెండు చేతులను ఒక్కతీరున కదలింపుమని చెప్పగా, పదేండ్లుగా కొయ్యవలె నున్న లేని చేయి కదలినట్లు వానికి అనుభవమైనది. కండ్లు మూసికొన్నంతనే అది మరల కొయ్యబారినది. అతడు పెట్టెను ఇంటికి తీసికొనిపోయి దినదినము అభ్యసించెను. మూడు వారములకు ఛాయాహస్తము కరగిపోయి, మోచేతి నొప్పియు దానితోనే పోయి, భుజమునుండి వ్రేళ్ళు మాత్రము వ్రేలాడుచున్నట్లు మిగిలినది. లేని అంగమును నొప్పితో సహా తొలగించిన మొదటి శస్త్రచికిత్స ఇదియేనని రామచంద్రన్ చమత్కరించెను. 1996లో ఆయన ప్రకటించిన వివరముల ప్రకారము, పదిమందిలో ఆరుగురికి అద్దములో చేయి కదలగా ఛాయాహస్తము కదలినట్లు తోచినది. బిగుసుకొను పిడికిలిగల అయిదుగురిలో నలుగురికి ఆ బిగువు సడలినది.

ఒకరిద్దరి అనుభవము శాస్త్రము కాదు. 2007లో వాషింగ్టను వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో, కాలు తెగిన 22 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు అద్దమును, ఒక జట్టుకు గుడ్డ కప్పిన అద్దమును, ఒక జట్టుకు కండ్లు మూసికొని ఊహించుటను, దినమునకు 15 నిమిషముల వంతున నాలుగు వారములు నేర్పిరి. 18 మంది తుదివరకు నిలిచిరి. అద్దము చూచిన ఆరుగురికిని నొప్పి తగ్గినది. కప్పిన అద్దము వారిలో ఒకరికి, ఊహించినవారిలో ఇద్దరికి మాత్రమే తగ్గినది, ఆ రెండు జట్లలో పెక్కుమందికి పెరిగినది గూడ. సంఖ్య చిన్నది, తరువాతి పరిశోధనల ఫలితములు ఇంత ముచ్చటగా లేవు, కొందరికి అద్దము ఎంతో మేలుచేయును, కొందరికి ఏమియు చేయదు. పటము మారినదను సిద్ధాంతమునకు గూడ ఎదురుదెబ్బ తగిలినది. ఆంగ్లదేశమున పరిశోధించు శాస్త్రజ్ఞురాలు టమార్ మాకిన్ 2013లో, ఛాయాంగపు నొప్పి ఎక్కువగా గలవారి మెదడులో పోయిన చేతి పటము చెరగక నిలిచియున్నదని చూపెను. 2025లో ఆమె బృందము, చేయి తీయకముందును తీసిన తరువాతను అదే మనుష్యుల మెదడులను పోల్చి, పటము ఇంచుమించు మార్పులేక యున్నదని ప్రకటించెను. అద్దము ఏల పనిచేయునో అను విషయము ఇట్లు వివాదమున నున్నది. త్రాడు లేకయు గంట మ్రోగగలదనుట మాత్రము వివాదమున లేదు.

త్రాడునకు, గంటకు నడుమ ఏమున్నదో చెప్పిన మొదటివారు మెల్జాక్, పాట్రిక్ వాల్ అను ఇరువురు. 1965లో వారు, వెన్నుపాములో ఒక ద్వారము కలదనియు, తాకిడిని తెచ్చు నరములు దానిని మూయగలవనియు, మెదడు గూడ పైనుండి దానిని తెరువనో మూయనో గలదనియు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలినంతనే బిడ్డ మోకాలిని తల్లి రుద్దుటలో, తేలు కుట్టినచోట గట్టిగా పట్టుటలో ఈ ద్వారపు గొళ్ళెమునే మనము వెదకుచున్నాము. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ మరియొక మెట్టు ఎక్కి, దెబ్బ తగిలిన పిదప వెన్నుపాములోని నాడీకణములే సున్నితమై, మునుపు నొప్పి పుట్టింపని స్పర్శకు గూడ నొప్పి పుట్టించునని చూపెను. పుండు మానువరకు అది ఉపకారమే; పుండు మానిన పిదపకూడ ఆ సున్నితత్వము తగ్గకున్నచో, దొంగలు పోయిన తరువాత గాలికి ఆకు కదలినను మొరుగు కుక్కవలె, కాపలాదారే బాధకుడగును. మూడు నెలలకు మించి నిలుచు నొప్పిని దీర్ఘకాలికమని వైద్యులు వ్యవహరింతురు. ప్రపంచారోగ్యసంస్థ వారి నూతన రోగవర్గీకరణము, కొందరియందు అది మరియొక రోగమునకు లక్షణము కాక, తానే రోగమని ఒప్పుకొన్నది.

దీని భారము చిన్నది కాదు. 2020లో ప్రపంచమున 61.9 కోట్లమంది నడుమునొప్పితో నుండిరని అంచనా. మనుష్యుని పనిచేయకుండ కూర్చుండబెట్టు కారణములలో అది అగ్రస్థానమున నున్నది. అట్టివాడు స్కాను తీయించుకొని వచ్చును. డిస్కు జారినదనియు, గుజ్జు అరిగినదనియు, నరము నొక్కుకొన్నదనియు కాగితమున వ్రాసియుండును. ఆ వ్రాత అబద్ధము కాదు. కాని అది నొప్పికి కారణమని నమ్ముటకు ముందు ఒక లెక్కను చూడవలెను. ఏ నొప్పియు లేని 3,110 మంది స్కానులను గూర్చిన పరిశోధనలను 2015లో ఒకచోట కూర్చి చూడగా, ఇరువదియేండ్లవారిలోనే నూటికి 37 మందికి, ఎనుబదియేండ్లవారిలో నూటికి 96 మందికి డిస్కులు అరిగియున్నవి. తల నెరసినట్లే వెన్ను అరుగును. నెరసిన తలను చూచి ఎవరును మంచము పట్టరు. అరిగిన డిస్కు మాట విన్న మరుదినమునుండియే మనవాడు, నేలపై కూర్చుండవలదు, వంగవలదు, బరువెత్తవలదు అను మూడు నిషేధములకు బద్ధుడై, ఆరునెలలకు నిజముగనే బలహీనుడగును.

ఈ నిషేధముల ముడిని విప్పుటకే జీవితమును ధారపోసిన ఫిజియోథెరపీ ఆచార్యుడొకడు ఆస్ట్రేలియాలో కలడు. లోరిమర్ మోస్లీ ఫిజియోథెరపిస్టుగా పనిచేయుచు, నొప్పి యేల పుట్టునో రోగికి స్పష్టముగా బోధించుట గూడ చికిత్సయేనని పరీక్షించి చూపినవాడు. ఆయన తన కథ నొకదానిని సభలలో చెప్పును. ఒకనాడు అడవిలో నడచుచుండగా కాలికి ఏదో గీచుకొన్నట్లు తోచినది, పుల్లయనుకొని సాగిపోయెను. అది పుల్ల కాదు, మహావిషసర్పము. ఆయన చావు తప్పించుకొని బయటపడెను. కొన్నాళ్ళకు మరల అడవికి పోగా, అదే కాలికి చురుక్కుమని భరింపరాని నొప్పి కలిగి నేలపై పడి విలవిలలాడెను. చూడగా, ఈమారు అది నిజముగనే పుల్ల. రజ్జుసర్పభ్రాంతిని మన వేదాంతులు కంటికి చెప్పిరి. ఈ ఆచార్యుడు దానిని కాలికి చెప్పెను. పాము తాడైనప్పుడు నొప్పి లేదు, తాడు పామైనప్పుడు నొప్పి కలిగినది. రెండుమారులును చర్మమునుండి పోయిన వార్త ఇంచుమించు ఒక్కటే. మెదడు ఇచ్చిన తీర్పులు వేరు. నొప్పి దెబ్బ యొక్క కొలత కాదు. అపాయము కలదని మెదడు చేసిన నిర్ణయము. అట్లని అది కల్పితమనుట పొరపాటు; మోస్లీ నేలపై విలవిలలాడినది నిజమైన నొప్పితోనే. ఈ ఆచార్యుడే 2004లో, కుడిచేతి బొమ్మయో ఎడమచేతి బొమ్మయో గుర్తించుటతో మొదలిడి, కదలికను మనస్సున భావించుటకు, చివరకు అద్దమునకు వచ్చు మూడు మెట్ల అభ్యాసమును, గాయము మానినను చేయి మండుచుండు మొండి వ్యాధిపై ప్రయోగించి ప్రకటించెను. స్టాన్లీ విద్యార్థి అద్దము ఇట్లు ఫిజియోథెరపీ గదిలో శాశ్వతముగ నిలిచినది.

చెన్నైలో ఈ గదులు ఎన్నియో కలవు: కె.కె. నగర్ ప్రభుత్వ పునరావాస వైద్యసంస్థలో, ప్రభుత్వ సర్వజన వైద్యశాలలలో, పేటపేటలో నున్న చిన్న చిన్న కేంద్రములలో. గోడకు కఱ్ఱల నిచ్చెన, మూల రబ్బరు బంతి, రెండు కమ్మీల నడుమ నడకదారి, ఎత్తుతగ్గులు చేయదగు బల్ల. అట్టిచోటికి వ్యాసర్పాడి నుండియో రాయపురము నుండియో నడుమునొప్పితో వచ్చిన యొక ఇల్లాలిని ఊహింపుడు. ఆమెకు కావలసినది శాస్త్రము కాదు. నీళ్ళ లారీ వచ్చినప్పుడు బిందె యెత్తవలెను. నేర్పరియైన చికిత్సకుడు ఆమెతో, అమ్మా, మీ వెన్ను పగిలిపోలేదు, భయపడియున్నదని చెప్పి, ఖాళీ బిందెను బల్లపై పెట్టించును. దానిని మొదట బల్లమీదినుండి, వారము గడచిన పిదప పీటమీదినుండి, ఆపైన నేలమీదినుండి ఎత్తించును. పిమ్మట ఒక చెంబుడు నీరు, ఆ తరువాత రెండు. ఎంత చేయవలెనో ముందుగా నిర్ణయించునది లెక్కయే గాని ఆనాటి నొప్పి కాదు: బాగున్న దినమున అత్యుత్సాహముతో పది బిందెలు మోసి మరునాడు మంచము పట్టుటయు, బాగులేని దినమున పూర్తిగా పడుకొనుటయు, రెండును కాపలాదారును మరింత భయపెట్టును. వేలూరు రోగికి ఉంగరపు వ్రేలిని వంచుమని చెప్పిన విద్యయే ఇది. అక్కడ బొటనవ్రేలికి క్రొత్తపని నేర్పిరి, ఇక్కడ మెదడునకు పాత భయమును మరపించుచున్నారు. ఒళ్ళు పట్టించుకొనుట, కాపడము, విద్యుత్ తరంగములు అను వానికి కొంత ఉపశమన మున్నను, అవి గుమ్మము వరకే తెచ్చును. గుమ్మము దాటవలసినది రోగి అడుగే.

బ్రాండ్ పాఠము, రామచంద్రన్ పాఠము ఒకే పాదమున కలియుటయు కలదు. మధుమేహము ముదిరినవాని అరికాళ్ళు రాత్రివేళ మండిపోవును. ఆ కాళ్ళే పగటివేళ మేకు గ్రుచ్చుకొన్నను తెలియవు. నొప్పి ఉండదగినచోట లేదు, ఉండరానిచోట ఉన్నది. ప్రొఫెసరు ఎం. విశ్వనాథన్ 1954లో రాయపురమున మధుమేహ వైద్యశాలను స్థాపించినది మొదలు చెన్నై ఈ వ్యాధికి పేరుపడిన నగరము. అట్టి వైద్యశాలలో పది గ్రాముల ఒత్తిడికి వంగునట్టి నైలాను పోగుతో అరికాలిని తాకి, తెలియుచున్నదా యని అడుగుదురు. ఆ పరీక్ష బ్రాండ్ పనిచేసిన కార్విల్ చికిత్సాలయమునుండియే వ్యాప్తిలోనికి వచ్చినది. పోగు స్పర్శ తెలియనివాడు మిట్టమధ్యాహ్నము గుడి ప్రాంగణమున ఉత్తకాళ్ళతో ప్రదక్షిణము చేయరాదు. రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్ళను అద్దములో చూచుకొనవలెను. ఇక్కడను అద్దమే, లేని నొప్పికి బదులుగా కన్ను కాపలా కాయవలెను.

వేదనను గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 2020లో నొప్పి నిర్వచనమును సవరించినప్పుడు, ఆ పనికి నాయకత్వము వహించినవాడు శ్రీనివాస రాజా యను వైద్యాచార్యుడు. ఆ నిర్వచనమునకు చేర్చిన వివరణములలో ఒకటి, నొచ్చుచున్నదని మనిషి చెప్పిన మాటను గౌరవింపవలెననుట. కావున, పాఠకులారా, మీ యింట ఎవరైనను నెలల తరబడి నొప్పియని మూల్గుచుండగా స్కానులో ఏమియు కనబడలేదని వైద్యుడు చెప్పినచో, అది నటనయని గాని, మనోభ్రాంతియని గాని తేల్చివేయకుడు; స్కానులో ఏదో కనబడినదని చెప్పినచో, ఇక జన్మమంతయు కదలరాదని భయపెట్టకుడు. మూత్రము బిగియుట, కాలు చచ్చుబడుట, బరువు తగ్గుట, జ్వరము వంటి చిహ్నములున్నచో తక్షణము వైద్యుని చూపుడు. అవి లేనిచో, నేడు వీథి చివరివరకు, రేపు మరి పదియడుగులు, వారితో కలిసి నడువుడు.